సంతకానికి ముందు రెండో కాగితం అడగండి

క్లౌడ్ ఈఆర్‌పీ అప్‌డేట్లకు ఆమోదం తెలిపే ఆర్థిక, ఐటీ విభాగాల అధిపతులకు

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక సేవల సంస్థలో టెస్ట్ లీడ్‌ని. కొనుగోళ్లు, స్టాకు, జీతాలు, పన్నులు, ఖాతా పుస్తకాలు అన్నీ ఒకే చోట నడిపే, ఈఆర్‌పీ అని పిలిచే పెద్ద సాఫ్ట్‌వేర్లను పరీక్షించడం నా పని. పదిహేడేళ్లుగా ఇదే చేస్తున్నాను. కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు, నిన్నటిదాకా సక్రమంగా నడిచిన పనులు ఇవాళ కూడా అలాగే నడుస్తున్నాయా అని చూస్తాం. దీన్నే రిగ్రెషన్ టెస్టింగ్ అంటాం. కొత్తదాన్ని చూపించి మెప్పు పొందే పని కాదిది. పాతది చెడిపోలేదని నిర్ధారించే పని.

ప్రతి అప్‌డేట్‌కు ముందు మా దగ్గరి నుంచి మీకు ఒక కాగితం వస్తుంది. మొత్తం పరీక్షలు 1,140, పాసైనవి 1,131, ఫెయిలైనవి 9, వాటిలో తీవ్రమైనవి ఏవీ లేవు. పక్కనే ఆకుపచ్చ గడి. మీరు చూస్తారు, ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతారు, సంతకం చేస్తారు. ఆ కాగితం తయారు చేసేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి బాధ్యతతో చెబుతున్నాను: అందులో అబద్ధం ఉండదు. కానీ మీరు తప్పనిసరిగా తెలుసుకోవలసిన సంగతి కూడా అందులో ఉండదు. మేము ఏవి పరీక్షించలేదు, ఎందుకు వదిలేశాం అన్నది ఆ కాగితంలో ఎక్కడా కనిపించదు. మీరు అడగరు, మేము రాయం. ఈ లేఖ దాని గురించే.

కొన్నేళ్ల కిందటి ఒక సోమవారం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. అది ఒక తయారీ సంస్థ. పేరు చెప్పడం సబబు కాదు. శుక్రవారం రాత్రి వాళ్ల ప్రొడక్షన్ సిస్టమ్‌లో, అంటే రోజువారీ పని నడిచే అసలు సిస్టమ్‌లో, అప్‌డేట్ పూర్తయింది. శనివారం ముఖ్యమైన పరీక్షలన్నీ మళ్లీ నడిపాం, ఒక్కటీ ఫెయిల్ కాలేదు. సోమవారం ఉదయం ఏడున్నర కాకముందే నా ఫోను మోగింది. ఫ్యాక్టరీ స్టోర్ కీపర్, వయసులో పెద్దాయన. "మేడమ్, సరుకు రిసీట్ చేద్దామంటే ఆ బటనే కనిపించడం లేదు. బయట లారీలు నిలబడి ఉన్నాయి" అన్నారు. ఫోనుతో స్క్రీన్ ఫొటో తీసి పంపారు. నిజమే, ఎప్పుడూ బటన్ ఉండే చోట ఖాళీ. నా స్క్రీన్‌లో మాత్రం అది ఎప్పటిలాగే ఉంది.

కారణం తేలడానికి రెండు గంటలు పట్టింది. ఆ పేజీ వాడడానికి అప్‌డేట్‌లో ఒక కొత్త ప్రివిలేజ్ (అనుమతి) తప్పనిసరి చేశారు. ఒక రకం ఉద్యోగికి కలిపి ఇచ్చే అనుమతుల మూటను రోల్ అంటాం. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన ప్రామాణిక రోల్‌కు అది దానంతట అదే చేరింది. ఈ సంస్థ తన స్టోర్ కీపర్ల కోసం సొంతంగా తయారు చేసుకున్న రోల్‌కు చేరలేదు. మా 1,140 పరీక్షల్లో సరుకు రిసీట్‌కు సంబంధించినవే నలభైకి పైగా ఉన్నాయి. ఆ నలభై కూడా అన్ని అధికారాలూ ఉన్న ఒకే టెస్ట్ యూజర్‌తో నడిచాయి. నలభై సార్లు మా తాళంచెవితోనే తలుపు తీసి చూసుకున్నాం. ఆ పెద్దాయన చేతిలో ఉన్న తాళంచెవిని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

రోల్ సరిచేసేసరికి మధ్యాహ్నం అయింది. అప్పటికి గేటు బయట పదకొండు లారీలు బారులు తీరాయి. స్టోర్‌లో రిసీట్లన్నీ కాగితం మీద రాసుకుని, రాత్రి తొమ్మిది దాకా కూర్చుని ఒక్కొక్కటే సిస్టమ్‌లోకి ఎక్కించారు. నేను క్షమాపణ చెప్పడానికి ఫోన్ చేస్తే ఆయన కోప్పడలేదు. "ముందే నన్నొకసారి చూడమని అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ని కదమ్మా" అన్నారు, అంతే.

ఆ మాట నా పని తీరును మార్చేసింది. మీ ఆలోచనను కూడా కొంత మార్చాలని నా కోరిక.

పాత రోజుల్లో ఈఆర్‌పీ సంస్థ సొంత సర్వర్లలో ఉండేది. ఏళ్లకొకసారి అప్‌గ్రేడ్ చేసుకునేవారు. దానికి ఆరు నెలలు తయారయ్యేవారు, భయం ఉంటే వాయిదా వేసేవారు. క్లౌడ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్లలోనే అన్నీ నడిచే పద్ధతిలో, ఆ వెసులుబాటు లేదు. ఇలాంటి క్లౌడ్ సాఫ్ట్‌వేర్లలో ఒరాకిల్ ఫ్యూజన్‌కు ఏడాదికి నాలుగు అప్‌డేట్లు వస్తాయి. సేల్స్‌ఫోర్స్‌కు మూడు. వర్క్‌డేకి రెండు పెద్ద విడుదలలు, ఎస్ఏపీ వారి పబ్లిక్ క్లౌడ్‌కు కూడా రెండే. తేదీ వాళ్లు నిర్ణయిస్తారు. వద్దనే హక్కు మనకు దాదాపు ఉండదు. ఇది తప్పని నేను అనడం లేదు. భద్రతా లోపాలు సరవుతాయి, చట్టం మారితే సాఫ్ట్‌వేర్ కూడా మారుతుంది, అది మంచిదే. అయితే పాత రోజుల్లో ఆరు నెలలు పట్టిన పనిని ఇప్పుడు రెండు వారాల్లో, అదీ ఏడాదికి నాలుగు సార్లు, అదే మనుషులతో చేయమంటున్నారు. పద్ధతి మారకుండా వేగం మాత్రమే పెంచితే ఏదో ఒకటి జారిపోతుంది. జారిపోయింది ఏమిటో ఎవరూ రాసిపెట్టరు.

ఆ రెండు వారాల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. ఒరాకిల్ ఫ్యూజన్‌నే తీసుకోండి. సాధారణంగా అప్‌డేట్ నెలలో మొదటి శుక్రవారం పరీక్షల కోసం విడిగా ఉంచిన టెస్ట్ సిస్టమ్‌కు, మూడో శుక్రవారం ప్రొడక్షన్‌కు వస్తుంది. క్యాలెండర్ తీసి చూడండి. మొదటి శుక్రవారం అంటే ఒకటో తేదీకీ ఏడో తేదీకీ మధ్య. మీ అకౌంట్స్ విభాగం గత నెల పుస్తకాలు మూసే రోజులవి. ఏడో తేదీకల్లా టీడీఎస్ కట్టాలి. పదకొండున అమ్మకాల వివరాల జీఎస్‌టీ రిటర్ను, జీఎస్‌టీఆర్-1. పదిహేనున పీఎఫ్. ఇరవైన పన్ను కట్టే రిటర్ను, జీఎస్‌టీఆర్-3బీ. మూడో శుక్రవారం ఎప్పుడూ పదిహేనుకూ ఇరవై ఒకటికీ మధ్యనే పడుతుంది. అంటే ఎవరి అనుభవం ఈ పరీక్షకు ప్రాణమో, సరిగ్గా వాళ్లే ఈ రెండు వారాల్లో తల ఎత్తలేని పనిలో ఉంటారు. "యూజర్లు పరీక్షకు సహకరించలేదు" అని మా నివేదికల్లో రాస్తూ ఉంటాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాక్యం రాసినందుకు నాకు బాధ కలుగుతుంది. వాళ్లకు తీరిక లేదన్న సంగతి క్యాలెండర్ చూస్తే ముందే తెలిసేది.

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. ఏ నెలల వరుసలో అప్‌డేట్ తీసుకోవాలో ఎంచుకునే వీలును ఒరాకిల్ ఇస్తుంది. జనవరి, ఏప్రిల్ వరుసలో ఉంటే ఏడాది ముగింపు లెక్కల మధ్యలో అప్‌డేట్ వచ్చి పడుతుంది. మార్చి, జూన్ వరుసలో ఉంటే ఆర్థిక సంవత్సరం చివరి పది రోజుల ముందు ప్రొడక్షన్ మారుతుంది. మన ఏప్రిల్–మార్చి లెక్కలకు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు వరుస ఎంతో నయం. మీ సంస్థ ఏ వరుసలో ఉందో, దాన్ని ఎవరు ఎప్పుడు ఎంచుకున్నారో ఒకసారి అడిగి తెలుసుకోండి. నేను పనిచేసిన చాలా చోట్ల దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు. సిస్టమ్ మొదలైన (గో-లైవ్) రోజున ఏది పడితే అదే కొనసాగుతోంది.

రెండు వారాల్లో పరీక్షలు ఏ క్రమంలో నడుపుతామన్నది ఎన్ని నడుపుతామన్న దానికన్నా ముఖ్యం. రెండో రోజు బయటపడ్డ లోపానికి సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫిర్యాదు పెట్టి, ఆధారాలు పంపి, సవరణ తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. అదే లోపం తొమ్మిదో రోజు బయటపడితే ఎంత గట్టిగా అరిచినా ప్రొడక్షన్ తేదీ ఆగదు. కానీ చాలా జట్లు పరీక్షలను మాడ్యూళ్ల (సాఫ్ట్‌వేర్‌లోని విభాగాల) వరుసలో నడుపుతాయి. ముందు జనరల్ లెడ్జర్, తర్వాత పేయబుల్స్, తర్వాత రిసీవబుల్స్, అలా చివరికి జీతాలు, బ్యాంకు ఫైళ్లు. ఎక్సెల్ షీట్‌లో ఏ వరుసలో ఉంటే ఆ వరుస. ఆగిపోతే సంస్థ ఆగిపోయే పనులు మొదటి రెండు రోజుల్లోనే తేలిపోవాలి. సరఫరాదారులకూ ఉద్యోగులకూ బ్యాంకు ద్వారా డబ్బు వెళ్లే ఫైళ్లు, ఈ-ఇన్వాయిస్ నంబరు తెచ్చుకునే అనుసంధానం, సరుకు లోపలికి రావడం, బయటికి పోవడం. బయటి వ్యవస్థలతో మాట్లాడే చోట్లు ముందు చూడాలి. అవే ఎక్కువగా తెగుతాయి. తెగితే అతుకు వేయడానికి ఇంకో సంస్థ వాళ్లను కూడా కూర్చోబెట్టాలి కాబట్టి ఎక్కువ రోజులు పడుతుంది.

ఇక ఎన్ని పరీక్షలు ఉండాలన్న ప్రశ్న. 2025 సెప్టెంబరులో జరిగింది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మూడో తేదీ రాత్రి జీఎస్‌టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. 22వ తేదీ నుంచి అమలు. 12, 28 శాతం శ్రేణులు దాదాపుగా పోయాయి. సిమెంటు 28 నుంచి 18కి, నెయ్యి 12 నుంచి 5కి దిగాయి. మధ్యలో పందొమ్మిది రోజులు. ఆ రోజుల్లో నేను చూసిన ఒక పరీక్షల జాబితాలో అమ్మకం ఇన్వాయిస్ పరీక్షలు మూడు వందలకు పైగా ఉన్నాయి. వేర్వేరు సరుకులు, వేర్వేరు రాష్ట్రాలు, వేర్వేరు కస్టమర్లు. చూడడానికి ఎంతో సమగ్రంగా ఉంది. అన్నింటిలో పోలిక ఒక్కటే: సరుకు అవాళే వెళ్తుంది, ఇన్వాయిస్ అవాళే పడుతుంది, డబ్బు తర్వాత వస్తుంది.

పన్ను రేటు మారినప్పుడు ఏ రేటు వర్తిస్తుందో కేంద్ర జీఎస్‌టీ చట్టం సెక్షన్ 14 చెబుతుంది. సరఫరా, ఇన్వాయిస్, చెల్లింపు అనే మూడు సంఘటనల్లో ఏవి మార్పు తేదీకి ముందు జరిగాయి, ఏవి తర్వాత జరిగాయి అన్నదాన్ని బట్టి ఆరు సందర్భాలను అది విడివిడిగా చెప్పింది. సారాంశంలో, మూడింటిలో రెండు ఎటువైపు ఉంటే రేటు అటు. ఆ ఆరు సందర్భాలకు ఆరు పరీక్షలు రాస్తే చట్టంలోని ఆ భాగం మొత్తం పరీక్షకు వచ్చినట్టే. వాటికి తోడు పాత రేటుతో అమ్మిన సరుకు తిరిగి వచ్చినప్పుడు క్రెడిట్ నోటు పాత రేటుతోనే పడుతోందా అన్నది ఒకటి. ఏడు పరీక్షలు. ఆ మూడు వందల్లో ఈ ఏడింటిలో ఒక్కటీ లేదు. జట్టు సోమరితనం దీనికి కారణం కాదు. వాళ్లు రాత్రింబవళ్లు కష్టపడ్డారు. పన్నుల విభాగంలో సెక్షన్ 14 తెలిసిన మనిషికీ, పరీక్షలు రాసే అమ్మాయికీ మధ్య ఎవరూ కుర్చీ వేయలేదు. ఆ ఇద్దరూ ఒక గంట పక్కపక్కన కూర్చుంటే వచ్చే ఏడు పరీక్షలు, మూడు వందల స్క్రిప్టుల (అడుగు అడుగునా రాసిపెట్టిన పరీక్షల) కన్నా విలువైనవి.

అందుకే పరీక్షల సంఖ్య పెరిగిందని ఎవరైనా గర్వంగా చెబితే దయచేసి సంతోషించకండి. ఏ కొత్త ప్రమాదాన్ని పట్టుకోవడానికి పెరిగిందో అడగండి. జాబితాలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి, ఎవరూ దేన్నీ తీసేయరు. తీసేసిన పరీక్షలో రేపు లోపం బయటపడితే నింద తమ మీద పడుతుందన్న భయం. ఆ భయాన్ని పోగొట్టగలిగేది మీరొక్కరే. "ఈ పరీక్షను ఈ కారణంతో తీసేస్తున్నాం" అని రాసిన కాగితం మీద మీ సంతకం కూడా ఉంటే, ఆ జాబితా మూడో వంతుకు తగ్గుతుంది. మిగిలిన సమయం అసలైన చోట ఖర్చవుతుంది.

బోరిస్ బీజర్ అనే అమెరికన్ ఇంజనీరు 1990లో ఈ సంగతికి "పెస్టిసైడ్ పారడాక్స్" అని పేరు పెట్టాడు. ఒకే పురుగుమందు పదే పదే కొడితే పురుగు దానికి అలవాటు పడినట్టు, ఒకే పరీక్షలు పదే పదే నడిపితే అవి కొత్త లోపాలను పట్టలేవన్నాడు. గుంటూరులో గానీ వరంగల్‌లో గానీ పత్తి రైతును అడిగితే ఇది విడమరచి చెబుతాడు. మందు మార్చకుండా మోతాదు పెంచినవాడి చేను ఏమవుతుందో ఆయనకు అనుభవం. మనం మాత్రం ఏటికేడు మోతాదే పెంచుతున్నాం.

తప్పక చెప్పవలసిన ఒక పద్ధతి ఉంది. ఖర్చు లేనిది, దాదాపు ఎవరూ వాడనిది. టెస్ట్ సిస్టమ్‌లో కొత్త వెర్షన్, ప్రొడక్షన్‌లో పాత వెర్షన్ పక్కపక్కన నిలబడే రోజులు ఆ రెండు వారాలే. ముందుగా ప్రొడక్షన్ కాపీని టెస్ట్ సిస్టమ్‌లోకి తెచ్చుకుని ఉంటే రెండు చోట్లా ఒకే లెక్కలు ఉంటాయి. మూసేసిన నెలల లెక్కలు ఇక మారవు. కాబట్టి రెండు నెలల కిందటి ట్రయల్ బ్యాలెన్స్‌ను (అన్ని ఖాతాల నిల్వల పట్టికను) రెండు సిస్టమ్‌లలోనూ తీసి కలిపి చూస్తే పైసాతో సహా సరిపోవాలి. స్టాకు విలువ, జీఎస్‌టీ రిజిస్టరు, సరఫరాదారుల బకాయిల పట్టిక, అన్నీ అంతే. స్క్రిప్టు అక్కర్లేదు, ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు. తేడా వస్తే అక్కడ ఆగి చూడాలి.

జీతాల విషయంలో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. గత నెల పేరోల్‌ను టెస్ట్ సిస్టమ్‌లో మళ్లీ నడిపి, నిజంగా ఖాతాల్లో పడిన నికర జీతాలతో పోల్చాలి. ఒకచోట ఇలా పోల్చినప్పుడు వేలాది మందిలో ముగ్గురి దగ్గర మాత్రమే తేడా వచ్చింది. చిన్న మొత్తమే. జట్టులో ఒకరు రౌండింగ్ అయి ఉంటుందన్నారు. నాకు మనసొప్పక ఆ ముగ్గురి వివరాలు తీశాను. ముగ్గురూ నెల మధ్యలో చేరినవాళ్లు. నెలలో పనిచేసిన రోజుల లెక్క కట్టే సూత్రం కొత్త వెర్షన్‌లో మారింది. మా పేరోల్ స్క్రిప్టుల్లో నెల మధ్యలో చేరిన ఉద్యోగి ఒక్కరూ లేరు, అందరూ ఒకటో తేదీన చేరినవాళ్లే. ఆ సంస్థ మరుసటి నెలలో ఒకేసారి వందల మందిని చేర్చుకోబోతోంది. ఆ పోలిక చేయకపోతే వందల మంది కొత్త ఉద్యోగులు తమ మొదటి జీతం తక్కువగా అందుకునేవారు. మొదటి జీతం ఇంట్లో అమ్మ చేతిలో పెట్టే జీతం. అందులో లెక్క తప్పకూడదు.

జీతాల వివరాలు టెస్ట్ సిస్టమ్‌లోకి తేవడానికి భద్రతా విభాగం అభ్యంతరం చెబుతుంది. అది న్యాయమైన అభ్యంతరం. పేర్లు, పాన్, బ్యాంకు ఖాతాలు కనబడకుండా మాస్క్ చేసి, అంకెలను మాత్రం అలాగే ఉంచి, చూసేవాళ్ల సంఖ్యను ఇద్దరు ముగ్గురికి పరిమితం చేస్తే పోలిక కుదురుతుంది. ఇది మేము చేసి చూసిందే.

ఆటోమేషన్ గురించి, అంటే పరీక్షలను కంప్యూటరే నడిపేలా చేయడం గురించి కూడా ఒక మాట. దాన్ని నేను నమ్ముతాను, నా జీవనం దాని మీదే. కానీ మీ దగ్గరకు వచ్చే అమ్మకపు ప్రతినిధులు చెప్పని సంగతి ఒకటుంది. స్క్రిప్టు రాయడం ఒక్కరోజు ఖర్చు, దాన్ని బతికించుకోవడం ప్రతి త్రైమాసికం ఖర్చు. స్క్రీన్ మీద ఫలానా చోట ఫలానా గడి ఉంటుందని నమ్మి రాసిన స్క్రిప్టు, స్క్రీన్ మారిన రోజున పడిపోతుంది. ఒరాకిల్ తన పాత పేజీలను రెడ్‌వుడ్ అనే కొత్త రూపంలోకి మార్చుకుంటూ పోతున్నప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టిన స్క్రిప్టులు పేజీ తర్వాత పేజీగా పడిపోవడం ఈ రంగంలో ఉన్నవాళ్లం చూశాం. ఇంకొన్ని స్క్రిప్టుల్లో పర్చేజ్ ఆర్డర్ నంబరు నేరుగా రాసి ఉంటుంది. టెస్ట్ సిస్టమ్‌కు కొత్త కాపీ వేయగానే ఆ ఆర్డర్ అప్పటికే మూసేసి ఉంటుంది, స్క్రిప్టు ఫెయిల్ అంటుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు, మన స్క్రిప్టులోనే ఉంది. అలాంటి ఉత్త ఫెయిల్యూర్లను ఏరి పక్కన పెట్టడానికే పది పనిదినాల్లో మూడు పోతాయి. నాలుగో రోజుకు జట్టు అలసిపోయి, నిజమైన ఫెయిల్యూర్‌ను కూడా "ఇదీ అలాంటిదే" అని దాటేస్తుంది. అలా దాటేసిన రాత్రి నా జీవితంలోనూ ఉంది.

కాబట్టి బడ్జెట్‌లో "ఆటోమేషన్" అని ఒకే పద్దు రాయకండి. పాత స్క్రిప్టుల మరమ్మతుకు వేరే పద్దు పెట్టండి. పన్ను, ధర, మొత్తం వంటి లెక్కల పరీక్షలను స్క్రీన్ గుండా నడపకుండా ఏపీఐల (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే దారుల) ద్వారా నడపమని అడగండి, అవి స్క్రీన్ మారినా నిలబడతాయి. స్క్రీన్ పరీక్షలు కొన్నే ఉంచి, వాటిని అసలు రోల్స్‌తో నడపండి. అన్ని అధికారాలూ ఉన్న ఆ ఒక్క టెస్ట్ యూజర్‌ను మీ సిస్టమ్ నుంచి తీసేయమని నేను ఇప్పుడు ప్రతి సంస్థకూ మొదటి వారంలోనే చెబుతున్నాను. ఆ వారమంతా స్క్రిప్టులు పడిపోతాయి, జట్టుకు కష్టంగా ఉంటుంది. కొన్ని రోజులు భరించండి.

వదిలేసిన పరీక్ష ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఉదాహరణ చాలు. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు సుమారు 50 లక్షల మంది ఖాతాదారులను కొత్త వ్యవస్థలోకి మార్చింది. లక్షల మందికి తమ ఖాతాలు అందుబాటులో లేకుండా పోయాయి. సరిదిద్దడానికి నెలలు పట్టింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. స్వతంత్ర విచారణలో బయటపడిన వాటిలో నన్ను బాగా కలచివేసింది ఒక చిన్న విషయం. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్లలో నడవాలి. ఎంత భారం తట్టుకుంటుందో చూసే పరీక్షలు మాత్రం ఒక్క డేటా సెంటర్‌లోనే చేశారు. పాసైన పరీక్షల కాగితం బోర్డు ముందుకు వచ్చే ఉంటుంది. "రెండో డేటా సెంటర్‌లో చేయలేదు" అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో దాని పక్కనే ఉండి ఉంటే, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఎందుకని అడిగేవారు.

కెనడా ప్రభుత్వం 2016లో తెచ్చిన ఫీనిక్స్ జీతాల వ్యవస్థదీ ఇదే వరస. ముందు ఒక శాఖలో ప్రయోగాత్మకంగా నడిపి చూద్దామనుకున్నది రద్దు చేశారు. ఆ తర్వాత లక్షకు పైగా ఉద్యోగుల జీతాలు తారుమారయ్యాయి.

నేను మిమ్మల్ని అడిగేది పెద్ద కోరిక కాదు. ఇకమీదట ప్రతి అప్‌డేట్‌కు ముందు మా దగ్గర రెండు కాగితాలు తీసుకోండి. మొదటిది ఎప్పటిదే. రెండో దాంట్లో ఈసారి పరీక్షించనివి, ఒక్కో దానికి కారణం, అది చెడితే ఆగిపోయే పని, ఆ పని చేసే మనిషి. మనిషి పేరు రాయాలి, విభాగం పేరు చాలదు. "ఆగస్టు అప్‌డేట్‌లో బయటి రాష్ట్రాల డిపోల స్టాక్ బదిలీ పరీక్షించలేదు. కారణం: టెస్ట్ సిస్టమ్‌లో ఈ-వే బిల్లు అనుసంధానం లేదు. చెడితే: డిపోలకు లారీలు కదలవు. ఆ పని చేసేది: విజయవాడ డిపో ఇన్‌చార్జి." ఇంత స్పష్టంగా ఉండాలి. ఆ కాగితం ఖాళీగా వస్తే నమ్మకండి, అన్నీ పరీక్షించిన జట్టును నేను ఇంతవరకు చూడలేదు. అందులో ఉన్న పేర్లకు ఫోన్ చేయించండి. సోమవారం ఉదయం పని మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలో, ఆగితే ఎవరికి చెప్పాలో, అప్పటిదాకా కాగితం మీద ఎలా నడపాలో వాళ్లకు ముందే తెలియాలి.

ఆ కాగితం రాసినందుకు ఎవరినీ తప్పు పట్టకండి. ఇది మాత్రం బతిమాలి అడుగుతున్నాను. మొదటిసారి నిజాయితీగా రాసిన కుర్రాడిని సమావేశంలో నలుగురి ముందు "ఇన్ని వదిలేశారా" అని మందలిస్తే, రెండోసారి ఆ కాగితం నున్నగా తయారై వస్తుంది. మా జట్లలో సగం మంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. శ్రీకాకుళం నుంచీ, ఖమ్మం నుంచీ, అనంతపురం నుంచీ వచ్చి, ఈ ఉద్యోగం మీద ఇంటి అప్పు తీర్చేవాళ్లు. వాళ్లకు నిజం చెప్పే ధైర్యం ఉంది, కావలసింది చెప్పినా ఏమీ కాదన్న భరోసా.

మీ తర్వాతి అప్‌డేట్ టెస్ట్ సిస్టమ్‌కు వచ్చే శుక్రవారం కన్నా రెండు వారాల ముందు ఒక గంట కేటాయించండి. అకౌంట్స్ నుంచి ఒకరు, పన్నుల నుంచి ఒకరు, పేరోల్ నుంచి ఒకరు, స్టోర్ నుంచి ఒకరు, పరీక్షల జట్టు నుంచి ఇద్దరు. స్టోర్ నుంచి మేనేజరును పంపుతామంటారు. రోజూ సరుకు రిసీట్ చేసే మనిషినే పిలవండి. ప్రయాణం కుదరకపోతే ఫోనులోనైనా కూర్చోబెట్టండి. ఆ గంటలో మొదట ఆయనను మాట్లాడనివ్వండి.

ఇట్లు,
మీ కాగితం తయారుచేసే ఒక టెస్ట్ లీడ్,
హైదరాబాద్